క్లాసుల నడుమ పెరుగు చిక్కు

2004వ సంవత్సరము మే నెలలో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తును ప్రకటించినప్పుడును, 2024 మార్చి నెలలో తెలంగాణమునందు నెలకు 200 యూనిట్లకు లోబడి వాడుకొను అర్హులైన కుటుంబములకు గృహజ్యోతి పథకము క్రింద సున్న బిల్లులు రాసాగినప్పుడును, జనులు గమనించినది బిల్లు కాగితముపై అంకె మారుట మాత్రమే. ఆ అంకెను లెక్కగట్టి ముద్రించు ప్రోగ్రాము సంగతి ఎవరికిని తట్టి యుండదు. నిన్నటి వరకు సరిగా నడచిన ప్రోగ్రాము, తనలో ఒక్క అక్షరమైనను మారకపోయినను, నేడు తప్పు లెక్క చెప్పు ప్రోగ్రాముగా పరిణమించినది. ఏలయన మారినది అది కాదు, అది దేనిని లెక్కించుటకు పుట్టినదో ఆ లోకము. లోకమును వెంబడించుటకై ప్రోగ్రామును దిద్దవలయును. దిద్దిన కొలది అది పెరుగును. పెరిగిన కొలది దానిని మరల దిద్దుట కష్టతరమగును. ఈ కష్టము ఎక్కడ పుట్టునో, ఎట్లు విస్తరించునో, ఎట్టి ఉపాయములకు లొంగునో, అందును నేటి సాఫ్ట్‌వేర్‌లో పెద్దభాగమునకు ఆధారమైన ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ పద్ధతిలో దాని నడక ఎట్టిదో విచారింతము.

ఈ విషయమును శాస్త్రదృష్టితో పరిశీలించినవారిలో అగ్రగణ్యుడు మానీ లేమన్. ఆయన ఐబీఎం సంస్థ పరిశోధనశాలలో పనిచేయుచు, ఆ సంస్థలో ప్రోగ్రాములు తయారగు తీరును గూర్చి 1969లో ఒక నివేదిక వ్రాసెను. పిమ్మట లేస్లో బేలడీ అను సహచరునితో కలిసి, ఓఎస్/360 అను బృహత్తరమైన ఆపరేటింగ్ సిస్టము విడుదల విడుదలకు ఎట్లు పెరుగుచు వచ్చినదో లెక్కలు గట్టి, లండన్ ఇంపీరియల్ కాలేజీలో ఆచార్యపదవి స్వీకరించిన తరువాత కొన్ని సూత్రములను ప్రతిపాదించెను. 1970ల నడుమ కొన్నిగా మొదలైన ఆ సూత్రములు 1996 నాటికి ఎనిమిది ఐనవి. వానిలో మొదటి రెండే మనకు ప్రధానములు. లోకవ్యవహారములో పాల్గొను ప్రోగ్రామును ఎడతెగక మార్చుచుండవలయును, లేనిచో దాని ప్రయోజనము క్రమముగా సన్నగిల్లునని మొదటిది. అట్లు మార్చుచున్న కొలది దాని సంక్లిష్టత పెరుగుచుండును, దానిని నిలుపుటకో తగ్గించుటకో ప్రత్యేకముగా పాటుపడిననే తప్ప, అని రెండవది. ఈ రెండవ సూత్రమును ఉదహరించువారు పలువురు దాని మొదటి సగమునే చెప్పి ఊరకుందురు. నా దృష్టిలో శాస్త్రమంతయు ఆ రెండవ సగమునందే ఉన్నది. దానిని విడిచినచో సూత్రము ఒక విధి శాసనమై, మనుష్యుని పనికి చోటే లేకుండపోవును.

లేమన్ పరిశీలించిన ఓఎస్/360 ఆబ్జెక్టుల కాలమునకు పూర్వపుది. ఆ కాలముననే నార్వే రాజధానియగు ఓస్లోలో ఓలే యోహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ అను ఇరువురు, వాస్తవ వ్యవహారములను కంప్యూటరుపై అనుకరించుటకు అనువైన సిములా అను భాషను నిర్మించుచు, 1967 నాటి దాని రూపములో క్లాసును, ఒక క్లాసు గుణములు మరియొక క్లాసునకు సంక్రమించు వారసత్వమును ప్రవేశపెట్టిరి. 1970లలో ఆలన్ కే బృందము జిరాక్స్ పరిశోధన కేంద్రములో స్మాల్‌టాక్‌ను, 1980లలో బెల్ ల్యాబ్స్‌లో బ్యార్నే స్ట్రౌస్ట్రప్ సీ ప్లస్ ప్లస్‌ను, 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ జావాను లోకమునకు అందించిరి. ఈ భాషలన్నింటి వెనుక ఉన్న ఆశ ఒక్కటే. సమాచారమును, ఆ సమాచారముపై పనిచేయు మెథడ్‌లను ఒక్కచోట కూర్చి, లోపలి సంగతి బయటివారికి తెలియనీయక దాచినచో, రేపు లోపల జరుగు మార్పు లోపలనే ఆగిపోవును. ఏయే నిర్ణయములు ముందుముందు మారగలవో గుర్తించి ఒక్కొక్క నిర్ణయమును ఒక్కొక్క మాడ్యూలులో దాచవలెనని డేవిడ్ పార్నాస్ 1972లో బోధించిన తత్త్వము కూడ ఇదే. ఈ ఆశ వట్టిది కాదు. సరిగా విభజించిన క్లాసులలో మార్పు నిజముగనే చిన్న పరిధిలో ముగియును. ఐనను కాలము గడచిన కొలది చిక్కు పెరుగుచునే వచ్చినది. పెరిగిన చోటు మాత్రము మారినది. ఈ చోటు మారుటయే ఈ కథలో కీలకము. దానిని చిన్న దృష్టాంతముతో దగ్గరగా చూడవలయును.

విద్యుత్తు బిల్లు లెక్కించు ప్రోగ్రాము ఒకటి ఉన్నదనుకొందము. గృహములకు నాలుగు శ్లాబులు, దుకాణములకు మూడు, వ్యవసాయమునకు ఒకే రేటు. పాత పద్ధతిలో దీనినంతను ఒకే పొడవైన ఫంక్షనుగా వ్రాయుదురు: గృహమైనచో ఇది, దుకాణమైనచో అది, అందు వంద యూనిట్లు దాటినచో మరియొకటి. 1976లో థామస్ మెకేబ్ అను అమెరికా గణితవేత్త ఇట్టి ఫంక్షనులోని చిక్కును కొలుచుటకు గ్రాఫ్ సిద్ధాంతమునుండి ఒక కొలమానము తీసెను. స్థూలముగా చెప్పవలెనన్న, ఫంక్షనులో దారి చీలు చోట్లను లెక్కించి వానికి ఒకటి చేర్చవలయును; ఆ సంఖ్య పది దాటినచో ఫంక్షనును విడగొట్టుట మేలని ఆయన సూచన. మన ఫంక్షనులో తరగతిని ఎంచుటకు రెండు చీలికలు, గృహపు శ్లాబులకు మూడు, దుకాణపు శ్లాబులకు రెండు, వెరసి ఏడు. ఒకటి చేర్చగా ఎనిమిది. హద్దులోనే ఉన్నను, హద్దునకు దగ్గరగా ఉన్నది.

దీనినే జావాలో ఆబ్జెక్ట్ పద్ధతిలోనికి మార్తుము. ‘వినియోగదారు’ అను తల్లి క్లాసు, దానికి ‘గృహము’, ‘దుకాణము’, ‘సేద్యము’ అను మూడు పిల్ల క్లాసులు. ప్రతి పిల్లకును తనదైన ‘బిల్లు’ మెథడ్ కలదు. ఇప్పుడు మెకేబ్ సంఖ్య గృహములో నాలుగు, దుకాణములో మూడు, సేద్యములో ఒకటి. ఎనిమిది నాలుగునకు దిగినది. ఏ ఫైలు తెరచినను ఒక్క చూపులో అర్థమగును. తరగతిని ఎంచు రెండు చీలికలు కోడులో ఎక్కడను కనబడవు. ఏ ఆబ్జెక్టునకు ఏ మెథడ్ నడువవలెనో నడచు సమయమున యంత్రమే నిర్ణయించుచున్నది. ఇంతవరకు ఇది నిజమైన లాభమే. దీనిని తక్కువ చేసి చెప్పుట తగదు.

ఇంతలో 200 యూనిట్ల వరకు ఉచితమని ఉత్తరువు వచ్చినది. ప్రోగ్రామరు ‘గృహము’నకు ‘ఉచితగృహము’ అను పిల్లను సృష్టించి, యూనిట్లు 200 మించనిచో సున్న, మించినచో తల్లి లెక్కయే అని వ్రాసెను. మెకేబ్ సంఖ్య రెండు. కొన్నాళ్ళకు ఇంటిపైకప్పు సోలార్ పలకలు వచ్చినవి. మరియొక ప్రోగ్రామరు ‘సోలార్‌గృహము’ అను పిల్లను చేసి, మీటరు రీడింగు నిచ్చు ‘యూనిట్లు’ అను మెథడ్‌ను అందులో మార్చి, వాడిన యూనిట్లనుండి గ్రిడ్డునకు ఇచ్చిన యూనిట్లు తీసివేసెను. సంఖ్య ఒకటి. ఆ పిదప ఉచిత పథకమునకు అర్హుడై, పైకప్పున సోలార్ కూడ ఉన్న గృహస్థు వచ్చెను. జావాలో ఒక క్లాసునకు ఇద్దరు తల్లులుండుటకు వీలులేదు. మూడవ ప్రోగ్రామరు ‘సోలార్‌గృహము’నకు పిల్లగా ‘ఉచితసోలార్‌గృహము’ను నిలిపి, ఉచిత నియమమును అవతలి క్లాసునుండి అచ్చముగా ఎత్తి ఇచట వ్రాసెను.

ఇక్కడ ఒక్క క్షణము ఆగుదము. 200 యూనిట్ల హద్దు వాడిన యూనిట్లకా, సోలార్ తీసివేయగా మిగిలిన యూనిట్లకా? ఈ ప్రశ్న ఎవరును అడుగలేదు. ఏ అధికారియు నిర్ణయించలేదు. ఐనను ప్రోగ్రాము సమాధానము చెప్పుచున్నది: మిగిలిన యూనిట్లకే. ఎట్లన, ఏ క్లాసు ఏ క్లాసునకు పిల్లయైనదో ఆ వరుసలోనే ఆ నిర్ణయము దాగియున్నది. ప్రజల సొమ్మునకు సంబంధించిన ఒక నియమము ఏ వాక్యములోను లేక, రెండు క్లాసుల బంధుత్వములో మాత్రమే ఉన్నదన్నమాట. ఇంతటితో ఆగలేదు. ఏ వీధిలో ఎంత విద్యుత్తు ఖర్చగుచున్నదో తెలుపు పట్టికను తయారుచేయుటకు నాలుగవ ప్రోగ్రామరు తల్లి క్లాసులో ఒక మెథడ్ వ్రాసి, అందు ‘యూనిట్లు’ను పిలిచెను. ఆయన దృష్టిలో అది మీటరు రీడింగు. సోలార్ పిల్ల దాని అర్థమును మార్చియున్నది గనుక, ఎండ బాగుగా కాసిన నెలలో కొన్ని ఇండ్లు ఋణసంఖ్యలో విద్యుత్తు వాడినట్లు పట్టిక చూపినది. నలుగురిలో ఏ ఒక్కరి ఫైలును విడిగా పరీక్షించినను తప్పు దొరకదు. ఒక్కొక్కరి కోడు చిన్నది, శుభ్రమైనది, మెకేబ్ హద్దునకు ఎంతో దిగువది. తప్పు ఫైళ్ళలో లేదు. ఫైళ్ళ నడుమ ఉన్నది. తల్లి క్లాసులో నిరపాయముగా తోచు మార్పు పిల్లలను విరుచు ఈ రోగమును గూర్చి పండితులు విస్తారముగా వ్రాసియున్నారు. ఒక్క బిల్లు ఎట్లు వచ్చినదో తెలిసికొనుటకు పిల్లనుండి తల్లికి, తల్లినుండి మరల పిల్లకు, ఫైలునుండి ఫైలునకు పైకి క్రిందికి తిరుగవలసిన ఈ అవస్థకు ప్రోగ్రామర్లు యోయో సమస్య అని పేరుపెట్టిరి.

కావున ఆబ్జెక్ట్ పద్ధతి చిక్కును నిర్మూలించలేదు. ఫంక్షను లోపలినుండి తీసి క్లాసుల మధ్య పరచినది. ఒక్కచోట కుప్పగా ఉన్నది కంటికి కనబడును. పలుచోట్ల పలుచగా పరచినది కనబడదు. పాత కొలమానముతో కొలుచు సంస్థకు ఏటేట తన కోడు బాగుపడుచున్నట్లే తోచును. ఈ లోపమును పూరించుటకై శ్యామ్ చిదంబర్, క్రిస్ కెమరర్ అను ఇరువురు పరిశోధకులు 1990ల తొలినాళ్ళలో ఆబ్జెక్ట్ ప్రోగ్రాములకు తగిన ఆరు కొలతలను ప్రతిపాదించి, 1994లో పూర్తి రూపమున ప్రకటించిరి. వారసత్వపు చెట్టు ఎంత లోతు ఉన్నది, ఒక క్లాసు మరి ఎన్ని క్లాసులతో ముడిపడియున్నది, ఒక క్లాసులోని మెథడ్‌లు ఒకే పనికై కూడియున్నవా లేక ఒకే కప్పు క్రింద వేరు కాపురములు చేయుచున్నవా అను ప్రశ్నలు వానిలో ముఖ్యములు. మన బిల్లు ప్రోగ్రామును ఈ కొలతలతో చూచినచో, వినియోగదారు క్లాసునుండి అంచెలు లెక్కింపగా మొదట ఒకటిగా ఉన్న లోతు మూడైనది, ముడులు పెరిగినవి. మెకేబ్ దృష్టికి కనబడనిది ఇచట కనబడును.

ఐతే ఈ కొలతలను గుడ్డిగా నమ్మరాదు. ఖాలెద్ ఎల్ ఎమామ్, ఆయన సహచరులు 2001లో చూపిన సంగతి ఇట్టి పరిశోధనలు చేయువారందరును గుర్తుంచుకొనదగినది: పెద్ద క్లాసులలో ముడులును ఎక్కువ, దోషములును ఎక్కువ, పరిమాణమును లెక్కలోనికి తీసికొని చూచినచో, ముడులకును దోషములకును కనబడిన సంబంధము చాలవరకు కరగిపోవుచున్నది. అనగా క్లాసు ఎంత పెద్దదో చూచుటయే చాలుననిపించు సందర్భములు కలవు. ఈ కొలతలు చిక్కును పట్టియిచ్చు సాక్షులే కాని తీర్పు చెప్పు న్యాయమూర్తులు కావు.

కాలక్రమమున ఈ పెరుగుదల అన్ని క్లాసులలో సమముగా జరుగదు. ఏ పెద్ద జావా ప్రోగ్రామును పరిశీలించినను, అత్యధికభాగము క్లాసులు చిన్నవై, మార్పులేక సంవత్సరములు పడియుండగా, కొద్ది క్లాసులు మాత్రము అసాధారణముగా లావెక్కి, వచ్చిన ప్రతి మార్పునకును తలయొగ్గుచుండును. దీనికి కారణము ఊహింపదగినదే. క్రొత్త పని చేతికి వచ్చిన ప్రోగ్రామరు తనకు కావలసిన సమాచారము ఏ క్లాసులో ఇదివరకే ఉన్నదో అక్కడనే ఒక మెథడ్ చేర్చును. చేర్చుటచే ఆ క్లాసులో మరికొంత సమాచారము చేరును. తరువాతి వానికి అదియే మరింత అనువైన చోటుగా కనబడును. ప్రతి అడుగును విడిగా చూచిన సమంజసమే. పది సంవత్సరముల తరువాత ఆ క్లాసును ముట్టుటకు బృందములో ఒకరిద్దరు తప్ప ఎవరును సాహసింపరు, ఆ ఒకరిద్దరును ఉద్యోగము మారిన నాడు ఎవరును ముట్టరు.

దీనికంటె గూఢమైనది చక్రబంధము. అ అను క్లాసు ఆ మీద, ఆ అనునది ఇ మీద, ఇ మరల అ మీద ఆధారపడుటయే చక్రబంధము; అట్టి వలయములోని ఏ క్లాసునైనను మిగిలినవానిని విడిచి అర్థము చేసికొనుటకుగాని, పరీక్షించుటకుగాని, వేరొకచోట వాడుటకుగాని వీలుండదు. న్యూజిలాండు దేశపు ఆక్లండ్ విశ్వవిద్యాలయమునకు చెందిన హేడెన్ మెల్టన్, యువన్ టెంపెరో అనువారు 78 జావా ప్రోగ్రాములను పరిశీలించి 2007లో ప్రకటించిన ఫలితము నన్ను చకితుని చేసినది. ఆ ప్రోగ్రాములలో దాదాపు 45 శాతములో కనీసము వంద క్లాసులు ఒకే వలయములో చిక్కుకొనియున్నవి; పదింట ఒక వంతు ప్రోగ్రాములలో ఆ వలయము వేయి క్లాసులను మించినది. వేయి క్లాసుల వలయమును ఎవరును కోరి నిర్మింపరు. ఒక్కొక్క దిద్దుబాటునకు ఒక్కొక్క పోగు చొప్పున, ఎవరికిని తెలియకుండ అది అల్లుకొనును.

వారసత్వములో జరిగిన పొరపాటు ఎంతకాలము నిలుచునో చూచుటకు జావా భాషయొక్క స్వంత గ్రంథాలయమే చాలును. 1996 జనవరిలో విడుదలయైన దాని మొదటి రూపములో ఎనిమిది ప్యాకేజీలలో రమారమి రెండువందల క్లాసులుండెను; 1998 డిసెంబరునాటి 1.2 విడుదలకు అవి పదిహేనువందల దరికి చేరినవి. ఆ తొలి క్లాసులలో కాలమును సూచించు ‘డేట్’ ఒకటి. అందులో సంవత్సరమును 1900 తీసివేసి ఇయ్యవలయును. నెలలు సున్ననుండి మొదలగును గనుక జనవరి సున్న, డిసెంబరు పదకొండు. తేదీలు మాత్రము ఒకటినుండి మొదలగును. ఒక ఆబ్జెక్టు ఒకసారి పుట్టిన తరువాత దానిలోని తేదీని ఎవరైనను మార్చవచ్చును. ఈ లోపములు త్వరలోనే గుర్తింపబడి, 1997నాటి 1.1 విడుదలలో దానిలోని పలు మెథడ్‌లు వాడదగనివని ప్రకటింపబడినవి. ‘క్యాలెండర్’ అను మరియొక క్లాసు వచ్చినది, నెలలు అందులోను సున్ననుండియే.

అదే విడుదలలో డేటాబేసులతో పనిచేయుటకై ‘డేట్’నకు మూడు పిల్లలను కనిరి. వానిలో ఒకటి కేవలము తేదీకి సంబంధించినది. తల్లికి గంటలు చెప్పు మెథడ్ ఉన్నది కావున దీనికిని అది సంక్రమించినది, కాని దీనిని గంట ఎంతయని అడిగినచో దోషము ప్రకటించి ఆగిపోవును. మరియొకటి ‘టైమ్‌స్టాంప్’. తల్లి ఆబ్జెక్టును ‘నీవును ఈ టైమ్‌స్టాంపును సమానమేనా’ అని అడిగిన అవునని చెప్పగల సందర్భమున, టైమ్‌స్టాంపును అదే ప్రశ్న అడిగిన కాదని చెప్పును. దీనిని ‘డేట్’ వలె భావించి వాడరాదని జావా పత్రములే హెచ్చరించుచున్నవి. పిల్ల తల్లి స్థానములో నిలువగలుగుటయే వారసత్వమునకు అర్థమైనప్పుడు, అట్లు నిలుపవద్దని హెచ్చరించుట కంటె గొప్ప ఒప్పుకోలు ఏముండును? ‘స్టాక్’ను ‘వెక్టర్’నకు పిల్లగా చేయుటయు ఇట్టిదే, పైనుండి మాత్రమే తీయవలసిన దొంతరలో నడుమనుండి తీయుటకు ఆ బంధుత్వము దారి యిచ్చినది.

తుదకు స్టీఫెన్ కోల్‌బోర్న్ అను ప్రోగ్రామరు స్వతంత్రముగా నిర్మించిన జోడా టైమ్ అను గ్రంథాలయపు అనుభవమును ఆధారముగా గొని, 2014 మార్చిలో జావా 8తో క్రొత్త కాలగణన క్లాసులు వెలువడినవి. అవి చక్కనివి, ఒకసారి పుట్టిన ఆబ్జెక్టు మారదు, జనవరి ఒకటవ నెలయే. కాని పాత ‘డేట్’ తొలగిపోలేదు. కోట్లకొలది పంక్తుల కోడు దానిపై ఆధారపడియున్నప్పుడు తొలగించుట ఎట్లు? తొలగింపకపోగా, పాతదానిని క్రొత్తదానిగను, క్రొత్తదానిని పాతదానిగను మార్చుటకు ఆ పాత క్లాసునకే మరి రెండు మెథడ్‌లు చేర్పవలసి వచ్చినది. చిక్కును తగ్గించుటకు చేసిన పని కూడ మొదట కొంత చిక్కును పెంచియే తీరును. ఆ గ్రంథాలయమంతటిని ముడులు విప్పి మాడ్యూళ్ళుగా విడదీయుటకు 2008లో తలపెట్టిన ప్రయత్నము 2017 సెప్టెంబరులో జావా 9 విడుదలతోగాని నెరవేరలేదు. ఆ తొమ్మిది సంవత్సరములు అసమర్థతకు గుర్తు కావు. పూర్వము ఎవరును లెక్కింపని ముడుల బరువునకు గుర్తు.

చిక్కు తగ్గుటయు చరిత్రలో కలదు. నెట్‌స్కేప్ సంస్థ తన బ్రౌజరు కోడును 1998 మార్చి 31న లోకమునకు బహిరంగపరచినది, అదియే మొజిల్లా. సీ, సీ ప్లస్ ప్లస్ భాషలలో వ్రాసిన ఆ కోడు ఒకచోట కదిపిన మరియెన్నో చోట్ల కదలునట్లుండుటచే బయటి ప్రోగ్రామర్లు అందులో చేయి పెట్టుటకు వెనుదీసిరి. ఆ సంవత్సరాంతమున దానిని పునర్నిర్మింప బూనిరి. హార్వర్డ్ బిజినెస్ స్కూలునకు చెందిన అలన్ మెక్‌కార్మాక్, జాన్ రస్నాక్, కార్లిస్ బాల్డ్విన్ అను మువ్వురు ఈ మార్పునకు ముందు వెనుకల రూపములను పోల్చి 2006లో ఒక వ్యాసము ప్రకటించిరి. ఒక ఫైలులో జరుగు మార్పు, నేరుగానో ఒకదానిద్వారా మరొకదానికో, సగటున ఎన్ని ఫైళ్ళను తాకగలదని వారు లెక్కించిరి. పునర్నిర్మాణమునకు ముందు అది దాదాపు 17 శాతము. తరువాత 3 శాతమునకు లోపల. కొలదికాలములో జరిగిన ఈ పతనము, ముడులు విప్పవలెనని నిశ్చయించుకొని కూర్చున్నచో విప్పవచ్చుననుటకు నాకు తెలిసిన ప్రబల నిదర్శనము.

అంతటి మహాయత్నము లేకయే, దినదినము కొంచెము కొంచెముగా కోడును తీర్చిదిద్దు కళకు రీఫ్యాక్టరింగ్ అని పేరు. నడవడిక మారకుండ నిర్మాణమును మార్చుటయే దాని లక్షణము. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయములో విలియం ఒప్‌డైక్ 1992లో సమర్పించిన సిద్ధాంతగ్రంథము దానికి శాస్త్రపీఠము వేయగా, మార్టిన్ ఫౌలర్ 1999లో వెలువరించిన పుస్తకము దానిని ప్రోగ్రామర్ల నిత్యకృత్యములోనికి తెచ్చినది. వారసత్వముకంటె ఆబ్జెక్టులో ఆబ్జెక్టును కూర్చుట మేలని 1994లోనే ఎరిక్ గామా ప్రభృతులు నలుగురు తమ ప్రసిద్ధ గ్రంథములో ఉపదేశించియుండిరి. మన బిల్లు ప్రోగ్రామునకు ఆ ఉపదేశమును అన్వయించినచో మార్గము స్పష్టము. ఉచితమును, సోలార్‌ను గృహమునకు పిల్లలుగా కాక వేర్వేరు ‘నియమము’లుగా వ్రాసి, ప్రతి వినియోగదారునకును అతనికి వర్తించు నియమముల జాబితా నియ్యవలయును. అప్పుడు రెండు నియమములు గల ఇంటికి క్రొత్త క్లాసు అక్కరలేదు. ఏ నియమము ముందు, ఏది వెనుక అను ప్రశ్న జాబితా వరుసలో బట్టబయలై, ఎవరో ఒకరు అధికారిని అడిగి తీరవలసి వచ్చును. నియమముల ప్రాబల్యక్రమము ప్రభుత్వము నిర్ణయింపవలసినది. దానిని క్లాసుల బంధుత్వము నిర్ణయింపరాదు.

ఈ పని తెలిసియు చేయకపోవుటకు హేతువు ప్రోగ్రామర్ల సోమరితనము కాదు. 1992లో వార్డ్ కనింగ్‌హామ్ తాను స్మాల్‌టాక్‌లో నిర్మించిన ఒక ఆర్థిక సాఫ్ట్‌వేర్‌ను గూర్చి చెప్పుచు, తొందరగా వ్రాసి అందించిన కోడు అప్పు వంటిదనెను; త్వరలో తీర్చిన అప్పు మేలు చేయును, తీర్చని అప్పు మీది వడ్డీ ప్రతి క్రొత్త పనిలోను చెల్లింపవలసి వచ్చును. ఐతే ఈ వడ్డీ ఏ పద్దులోను కనబడదు. క్రొత్త సౌకర్యమును చేర్చిన బృందమునకు పేరు వచ్చును. ముడి విప్పిన బృందమునకు చూపుటకు ఏమియు ఉండదు, ఏలయన ప్రోగ్రాము మునుపటివలెనే నడుచుచుండును. హైదరాబాదు మొదలైన నగరములలో వేలాది తెలుగు ఇంజినీర్లు, దూరదేశములలో పదియిరువది సంవత్సరముల క్రిందట ఎవరెవరో వ్రాసిన కోడును నిలబెట్టుటయే జీవనోపాధిగా గలవారు. లేమన్ రెండవ సూత్రపు భారము నిత్యము మోయుచున్నవారు వారు. వారి పనిని మార్చిన పంక్తుల సంఖ్యతో కొలుచు నిర్వాహకుడు తన సాఫ్ట్‌వేర్ ఆయువును తానే తగ్గించుకొనుచున్నాడు.

ముడులు విప్పుట ఎక్కడనుండి మొదలుపెట్టవలెనను వారికి, కోడులో జరిగిన ప్రతి మార్పును నమోదుచేయు గిట్ అను సాధనము మంచి ఆధారము. గడచిన రెండు మూడు సంవత్సరములలో ఏ ఫైలు ఎన్నిసార్లు మారినదో గిట్ లాగ్ చెప్పును. ఆ సంఖ్యల సరసన ఫైళ్ళ పరిమాణమును వ్రాసికొన్నచో, పెద్దవై తరచుగా మారునవి కొద్దియే బయటపడును. ఎల్లప్పుడు కలిసియే మారుచున్న ఫైళ్ళ జంటలను కూడ వెదకవలయును. కోడులో ఏ బంధుత్వమును కనబడక, మార్పులలో మాత్రము విడదీయరాని జంట ఎక్కడ ఉన్నదో అక్కడనే క్లాసుల నడుమ దాగిన చిక్కు ఉన్నది. ఎన్నడును మారని వికృతమైన క్లాసు జోలికి పోనక్కరలేదు. అది ఎవరికిని బాధ కలిగించుట లేదు.

మన ఇంజినీరింగు కళాశాలలలో విద్యార్థి ప్రతి సెమిస్టరునకు ఒక క్రొత్త ప్రోగ్రాము వ్రాసి, మార్కులు పొంది, దానిని మరచిపోవును. ఒక ప్రోగ్రాముతో ఒక్క సంవత్సరమైనను కాపురము చేయు అవకాశము అతనికి కలుగదు. ఉద్యోగములో చేరిన మొదటి వారముననే ఇతరులు వ్రాసిన లక్షలాది పంక్తుల యెదుట నిలుచును. గత సంవత్సరపు విద్యార్థులు వ్రాసిన ప్రోగ్రామును ఈ యేటి విద్యార్థుల చేతికిచ్చి, రెండు క్రొత్త నియమములు చేర్చుమని, చేర్చుటకు ముందు వెనుకల ముడులను లెక్కించి చూపుమని అడిగినచో, ఈ శాస్త్రమును వేరుగా బోధింపవలసిన పని చాలవరకు తప్పును. ప్రోగ్రామింగు బోధించు అధ్యాపకులు రానున్న సెమిస్టరులో ఒక్క ప్రాజెక్టునకైనను ఈ పద్ధతిని అవలంబింపవలెనని నా విన్నపము.